గోడలో కంత

గ్రీన్‌హౌస్‌లో పెట్టిన తేనెటీగలు మొదటి వారమే సగం చస్తాయి. వెలుతురు కనిపించిన చోటల్లా ప్లాస్టిక్ కప్పుకు తల కొట్టుకుంటాయి. అక్క పెంచినవి మాత్రం కొట్టుకోవు. నెమ్మదైన ఈగలున్న పెట్టెల నుంచే కొత్త రాణి ఈగలను తీస్తూ తీస్తూ, పదకొండేళ్ళకు సాధించిన రకం అది. కిందటి చలికి మిగతావన్నీ పోయి, ఇప్పుడు ఆ వంశానికి ఒక్క పెట్టే దిక్కు. తమ్ముడి గ్రీన్‌హౌస్ గోడలో కంత చేసి దాన్ని అమర్చింది. ఒక వాకిలి దోసపూల వైపు, ఒకటి బయటికి.

"ఇక అద్దెకి తేనెపెట్టెలొస్తున్నాయక్కా," అన్నాడు తమ్ముడు, ఆమె మొహం చూడకుండా. "ఆ కంత ఖాళీ చెయ్యాలి. నీ గది కూడా ప్యాకింగుకి కావాలి. చిన్నక్క ఇంట్లో సర్దుకోరాదూ?"

"నన్ను తోసేస్తే తోసెయ్. పెట్టెనెక్కడికి తోస్తావురా?"

"వెనక షెడ్డులో పెట్టు. నలభై అడుగులేగా! సముద్రాలు దాటిస్తున్నట్టు ఆ మొహమేంటి?"

నలభై అడుగులు కాబట్టే ఆమెకు భయం. దూరం తీసుకుపోతే ఈగలు కొత్త చోటు నేర్చుకుంటాయి. దగ్గరైతే పాత దారే పట్టి పాత వాకిలికే పోతాయి. అందుకే వాకిలికి వలగుడ్డ బిగించి మూడు రోజులు మూసి ఉంచాలి. తెరిచేటప్పుడు ఎదురుగా ఆకులకొమ్మ అడ్డం పెట్టాలి. అప్పుడుగానీ చోటు మారిందని వాటికి తెలియదు.

సోమవారం సాయంత్రం, ఈగలన్నీ గూటికి చేరాక, వలగుడ్డ బిగించి పెట్టెను షెడ్డుకు మోయించింది.

"శుక్రవారం నేనే వచ్చి విప్పుతా. చెయ్యి పెట్టావో, చూడు!"

"నాకింకేం పన్లేదా?"

మనసాగక బుధవారమే చెల్లెలింటి నుంచి మొదటి బస్సుకి వచ్చేసింది. వలగుడ్డ లేదు.

"నిన్న పొద్దున్నుంచీ ఒకటే రొదక్కా. ఉక్కకి చస్తాయేమోనని విప్పేశా. పాపమనిపించింది."

ఎన్నేళ్ళకో కలిగింది అతనికి జాలి.

ఆమె గోడ దగ్గరికి పరిగెత్తింది. కంతలో అద్దె పెట్టె ఉంది. దాని కింద నేల మీద ఆమె ఈగలు కుప్పపడి ఉన్నాయి. కొన్ని ఇంకా ఆ వాకిలి ముందే తచ్చాడుతున్నాయి. అద్దె పెట్టె కావలి ఈగలు వాటిని కాళ్ళు పట్టి ఈడ్చి పడేస్తున్నాయి. లోపల, కప్పుకు అద్దె ఈగల తలలు టపటపమంటున్నాయి.

షెడ్డులో పెట్టె మూత తీసింది. రాణి ఉంది. చుట్టూ గుప్పెడు ఈగలు. కప్పి వెచ్చగా ఉంచే ఈగలు చాలక, పిల్లపురుగులు మైనపు గదుల్లోనే రాత్రి చలికి చచ్చిపోయాయి.

"ఇంకో రాణిని తెప్పిస్తాలే అక్కా."

"ఒరేయ్, నువ్వింకెప్పుడూ ఎవరిమీదా జాలిపడకు."

రాణిని, తోడుగా నాలుగు ఈగలను అగ్గిపెట్టెలోకి తీసుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తన గదిలో వెచ్చని చోటు చూద్దామని చకచకా నడిచి, భుజంతో తలుపు తోసింది.

అట్టపెట్టెల మధ్య నుంచి కొత్త పనిమనిషి తలెత్తింది.

"ఎవరు కావాలమ్మా?"