అరికాలి చుక్క

బుచ్చమ్మ నితీష్ ఎడమకాలి సాక్సు తీసి, తలుపు వైపు ఓసారి చూసి, అరికాలి నడుమ కాటుక చుక్క పెట్టింది. పదకొండు నెలల పిల్లవాడు కితకితలకు కిలకిలా నవ్వాడు. మళ్లీ సాక్సు తొడిగేసింది.

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసు కింది అంతస్తులో ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే ఆయా ఆమె. ఆరేళ్లుగా ఏ బిడ్డకూ చుక్క తప్పలేదు. తప్పితే? జలుబు, జ్వరం, దవాఖాన. బోరబండలో రైలెక్కి దిగేలోగా ఆమె మనసు అన్నీ చూసి వస్తుంది. ఇంట్లో గ్యాసు కట్టేసిందో లేదో, కూతురి స్కూటీ బ్రేకులు సరిగా ఉన్నాయో లేదో.

గోడకు కొత్త కాగితం అంటించారు. కాటుక, తాయెత్తు పనికిరావట. జ్యోత్స్న టీచరు అందులోని ఇంగ్లీషంతా తెలుగులో చెప్పింది, ఒక్క ‘ఫ్లౌట్’ తప్ప. అది చేసినవాళ్లను పనిలోంచి తీసేస్తారట.

“గదేంది టీచరమ్మా?”

“రూల్ ఉందని తెలిసి కూడా, అందరి ముంగట, లెక్కచేయకుండ దాన్ని మీరుడు.”

బుచ్చమ్మ గుండె కుదుటపడింది. “అయితే గది నేను కాదు. నాదంత సాటుకే.”

“సాటుకు ఏం చేస్తవ్?”

“ఏం లేదు, పాలు పొంగుతున్నయ్,” అంటూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నిద్రలేచిన నితీష్ ఉత్త కాళ్లతో కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పట్టు వదిలాడు. నాలుగడుగులు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అద్దాల అవతల ఆఫీసువాళ్లూ ఆగి చూశారు. ఇన్ని కళ్లు! బుచ్చమ్మ ఒళ్లు జలదరించింది.

తెల్లని నేల మీద, ఎడమపాదం పడిన చోటల్లా నల్లటి మరక.

ఇన్‌ఛార్జి మేడం మరకల్ని చూసి, పిల్లవాడికి అన్నం తినిపించే మమత వైపు తిరిగింది. మమత గిన్నె కింద పెట్టి తల అడ్డంగా ఊపింది. బుచ్చమ్మ ఊరుకుంటే ఊరుకోవచ్చు.

ఆమె బొడ్లోంచి కాటుక డబ్బీ తీసింది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్లవాడి బుగ్గన శనగగింజంత చుక్క పెట్టింది.

“నేనే మేడం. ఇగ నడుస్తుండు. కాలికి పెడితే నిలువది.” మెల్లగా అంది: “గిప్పుడు చేసింది ఫ్లౌట్.”

జ్యోత్స్న గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

నాలుగింటికి బుచ్చమ్మ మెడలోని కార్డు తీసి ఇచ్చేసి, వెనక గేటు గుండా వెళ్లిపోయింది. నిద్రపోతున్న పిల్లల్ని లేపలేదు.

సాయంత్రం నితీష్ తల్లి ఆమని వచ్చింది. జ్యోత్స్న జరిగింది చెప్పి, చుక్క తుడవడానికి తడిగుడ్డ అందించింది.

“ఉండనివ్వండి,” అంది ఆమని.

సంచీ కోసం బిడ్డ పేరున్న అర తెరిచింది. మడతపెట్టిన సాక్సుల మీద కాటుక డబ్బీ ఉంది, మూత మీద బొటనవేలి ముద్రతో.