ఊడ్చే వంతు

బుధవారం సాయంత్రం శశికాంత్ ఆఫీసు నుంచి వచ్చేసరికి అతని తలుపు పిడికి ఓ చెక్క పలక వేలాడుతోంది. దాని మీద ‘కేర్‌వొహె’ అన్న అక్షరాలు, పక్కన చీపురు బొమ్మ. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ పలక ఎవరి తలుపుకుంటే ఆ వారం మెట్లూ వాకిలీ ఊడ్చే వంతు వాళ్లది. మంచు పడితే పొద్దున ఏడు లోపల దారి బాగుచేసి సన్నకంకర చల్లాల్సిందీ, ఎవరైనా జారిపడితే జవాబు చెప్పుకోవాల్సిందీ వాళ్లే. పలక ఆదివారం చేతులు మారుతుంది. ఈ రెండేళ్లలో అది బుధవారం కదలడం శశికాంత్ ఎన్నడూ చూడలేదు.

ఈ వారం వంతు కింది వాటాలో ఉండే శ్రీమతి నేగెలేది. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఒంటరిది, ముప్పై ఏళ్లుగా ఆ వాటాలోనే ఉంటోంది. చెత్తడబ్బా మూత సరిగా పడకపోతే తలుపు తట్టి మరీ చెప్పే రకం. అలాంటామె తన వంతు పక్కవాళ్ల మీదికి తోసిందంటే ఊరికేనా?

ఫోను తీసి చూస్తే విషయం బోధపడిందనిపించింది. రేపు తెల్లవారుజామున పడుతూనే గడ్డకట్టే వాన రావచ్చట. రావచ్చు, అంతే. ఒక యాప్‌లో ఎర్ర త్రికోణం, ఇంకో యాప్‌లో ఉత్త మబ్బు. రేడియో వాడైతే వస్తే గట్టిగానే వస్తుందని, రాకపోతే లేదని చెప్పి చేతులు దులుపుకున్నాడు. వాళ్లుండే ఎస్లింగెన్ చుట్టూ కొండవాలు నిండా ద్రాక్షతోటలే, జనవరిలో కూడా జనం జాకెట్ జిప్పు తెరుచుకుని తిరుగుతారు. పోయిన ఏడాది ఇలాగే మూడుసార్లు బెదిరించారు, ఒక్క చినుకూ రాల్లేదు.

నిజం చెప్పాలంటే శశికాంత్ భయం వాన గురించి కాదు. మార్చిలో అతని భార్య శ్రావ్యకు కాన్పు. ఉన్నది ఒకటిన్నర గది. ఇంటి కోసం నలభై చోట్ల అప్లికేషన్లు పెడితే ముగ్గురే జవాబిచ్చారు, ఆ ముగ్గురూ లేదన్నారు. అందుకే డిసెంబరులో ఓనరుకి ఉత్తరం రాశాడు, ఈ బిల్డింగులోనే పెద్ద వాటా ఖాళీ అయితే మాకివ్వండి అని. ఫిబ్రవరిలో చెబుతానన్నాడు ఓనరు. ఈలోగా తమ మీద ఒక్క ఫిర్యాదు వెళ్లిందా, ఆ ఆశ గంగలో కలిసినట్టే. వారం వారం ఓనరుతో ఫోన్లో మాట్లాడేది ఎవరంటే, మళ్లీ నేగెలేనే.

“చూసినవా? గడ్డకట్టే వాన అనంగనే మన నెత్తిన పెట్టింది,” అన్నాడు లోపలికొస్తూనే.

శ్రావ్య బీన్స్ తుంచుతోంది. “పెడితే పెట్టనీ. పొద్దున లేచి ఇంత కంకర చల్లితే అయిపాయె. ముసలామె కదా, చాతనైతలేదేమో.”

“ఆమెకా? మొన్న నీళ్ల క్రేట్ ఒక్కతే మోస్కపోయింది. మన వంతుల ఎవడన్న జారిపడాలె, ఫొటో తీసి ఓనర్‌కు పంపాలె. గదీ ప్లాన్.”

“నీకు ప్రతిదాంట్ల ప్లానే కనబడ్తది. పోయి అడుగరాదు?”

పోయి అడిగాడు. జర్మన్‌లో శశికాంత్ మహా మర్యాదస్తుడు, కోపం చూపించేటన్ని మాటలు రావు మరి.

“ఈ ఒక్క వారం మీరు చేయండి. వచ్చేవారం మీది నేను చేస్తాను,” అంది నేగెలే. “రేపు నాకు కుదరదు.”

“ఎందుకని?”

“సొంత పని.”

మాట్లాడుతున్నంతసేపూ ఆమె అతని మొహంలోకి చూడలేదు. అతని భుజం పక్కనున్న గోడతో చెప్పింది. తప్పు చేసినవాళ్లే అలా చూపు తప్పిస్తారని శశికాంత్ తేల్చేసుకున్నాడు. ఎంత తెలివి!

భోజనాలకు ముందే పలక తీసుకెళ్లి ఆమె తలుపుకి తగిలించి, ఒక చీటీ అంటించాడు. ‘వాతావరణం ఎలా ఉంటుందో తెలియనందున మార్పు కుదరదు, మన్నించండి.’ ఫోను చేత రాయించిన జర్మన్, ఒక్క తప్పు లేదు. సంగతి విని శ్రావ్య అతనికి అన్నం పెట్టి, తన కంచం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

పొద్దున ఆరున్నరకి కిటికీ తెరిచాడు. వీధి పొడిగా ఉంది, గాలి కూడా లేదు. ఫోన్లో ఎర్ర త్రికోణం మాత్రం అలాగే ఉంది, పది గంటల వరకూ జాగ్రత్తట. కింద ఒక టాక్సీ ఆగి ఉంది. మంచి కోటు వేసుకుని, చేతిలో చిన్న బ్యాగుతో నేగెలే వంగి డ్రైవరుతో ఏదో చెప్పింది. టాక్సీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆమె బ్యాగు గుమ్మంలో పెట్టి చీపురు తీసుకుంది.

శశికాంత్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కిందికి పరిగెత్తాడు.

“ఎక్కడికో వెళ్లాలి కదా మీరు?”

“కంటి ఆపరేషను. ఏడున్నరకి.” ఆమె ఊడవడం ఆపలేదు. “ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడడం లేదు నాకు. మీ చీటీ భూతద్దం పెట్టి చదువుకున్నాను.”

“నేను కంకర చల్లుతాను. కారులో దింపుతాను, పదండి!”

“పొద్దునకి హెచ్చరిక తీసేస్తారేమోనని చూసి, ఇప్పుడే ఫోను చేసి రద్దు చేశాను. వంతు నాదైనప్పుడు, హెచ్చరిక ఉండగా ఎలా వదిలి వెళ్తాను? నా చోటుకి ఇంకొకరిని పిలిచారు. మళ్లీ జూలైలోనట.”

ఎన్ని నెలలు కాచుకుందో అడిగాడు. ఏడు నెలలంది. ఈ దేశంలో టెర్మిన్, అంటే ముందుగా తీసుకున్న అపాయింట్‌మెంట్, పోవడమంటే ఏమిటో శశికాంత్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

“నిన్ననే చెప్పి ఉంటే నేను...”

“చెబితే, కళ్లు కనపడని మనిషి ఇక్కడ ఒంటరిగా ఉండలేదని మీరు ఓనరుకి చెబుతారనుకున్నాను. మీ ఉత్తరం సంగతి ఆయన నాతో అన్నాడు. ఇక్కడ పెద్ద వాటాలు రెండే. పైవాళ్లు తమది కొనుక్కున్నారు. మీరు ఏ వాటా అనుకుని రాశారు?”

ఏదో ఒకటని రాశానని చెప్పొచ్చు. భాష అర్థం కానట్టు నటించనూ వచ్చు. కానీ పిల్లల బండి మెట్లెక్కించక్కర్లేని ఇల్లు, పెరట్లోకి తలుపున్న ఇల్లు అని ఉత్తరం రాసిన రోజున అతనే శ్రావ్యతో మురిసిపోతూ చెప్పాడు.

“మీదే,” అన్నాడు.

నేగెలే తలూపింది. “మీ చీటీ వచ్చేదాకా, మిమ్మల్ని అనవసరంగా అనుమానిస్తున్నానని సిగ్గుపడుతూ కూర్చున్నాను. పైకొచ్చి నిజం చెప్పేద్దామని బూట్లు కూడా వేసుకున్నాను.”

ఆ మాట అని ఆమె ఒక్క మంచు పలుకూ లేని మెట్లను మళ్లీ పైనుంచి ఊడవసాగింది.