తప్పు పేజీ మనిషి

గురువారం సెమినార్ వచ్చిందంటే జొంజు విశ్వవిద్యాలయంలోని ఆ చరిత్ర శాఖలో బార్లీ టీ కాచడం పరిశోధక విద్యార్థిని ప్యో నారే పని. ముందు వరుస కుర్చీలు ప్రొఫెసర్లకి, వెనక వరుస చచ్చిపోయినవాళ్ళకి. ఎవరు ఎక్కడ వ్యాసం చదివినా, పేజీ అడుగున ఆధారంగా చూపిన మనిషి వచ్చి కూర్చోవడం అక్కడ మామూలే. వాళ్ళకీ ఓ కప్పు పోయాలి.

ఇవాళ నారే కోపంతో రగిలిపోతోంది. బియ్యం మిల్లులో సమ్మె నడిపిన బున్నే అనే కూలామె వాంగ్మూలాన్ని పాత పోలీసు కాగితాల్లోంచి కళ్ళు పోయేలా వెతికి తీసింది తను. చిత్తుప్రతి చూపిస్తే, ఇంకా పండలేదమ్మా అని పక్కన పడేశాడు గైడు మాంగ్ ప్రొఫెసర్. ఆ పండనిదాన్నే ఇవాళ తన పేరు మీద చదువుతాడట, పెద్దమనిషి! ఆయన ముందు చదివేస్తే ఇక నారే రాసింది కాపీ అవుతుంది, పట్టా గంగలో కలిసినట్టే. నోరెత్తితే ఎక్కడా ఉద్యోగం రాదని సీనియర్ అక్కలు ముందే భయపెట్టారు. పళ్ళు కొరుక్కుంటూ కప్పులు నింపింది.

ఈ వాంగ్మూలం తన సొంత పరిశోధనేనని మాంగ్ గొంతు సవరించుకుని చదివి, ఆధారం పేజీ చెప్పాడు.

తలుపు తెరుచుకుంది. వచ్చింది బున్నే కాదు. చంకలో కోడిపుంజుతో ఒక బక్క మనిషి.

నారే ఆయన్ని గుర్తుపట్టింది. చిత్తుప్రతిలో తను పేజీ తప్పు వేసినప్పుడు, గదిలో ఒక్కతే పైకి చదువుకుంటుంటే వచ్చిన కోడి దొంగతనం కేసు మనిషి ఈయనే. సిగ్గుతో చచ్చి, టీ ఇచ్చి పంపి, ఆ తర్వాత దిద్దుకుంది. మాంగ్ ఆ పోలీసు కాగితాలు తెరిచి చూస్తేగా దిద్దడానికి!

ఆ మనిషి మాంగ్ వైపు కన్నెత్తయినా చూడలేదు. తిన్నగా నారే దగ్గరికొచ్చాడు.

"ఏం తల్లీ, మళ్ళీ అదే పేజీ రాశావా? ఈ కోడి నాదేనని అప్పుడే చెప్పానుగా."

ముందు వరుసలో ఉన్న పెద్దావిడ, సొల్ ప్రొఫెసర్, కళ్ళజోడు తీసింది. టైపు పొరపాటండీ అని నసిగాడు మాంగ్. అయితే సరైన పేజీ చెప్పమంది ఆవిడ. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

నారే కెటిల్ ఠపీమని బల్ల మీద పెట్టింది. "నేను చెప్తాను. కష్టం నాదే సార్, ఆ తప్పు కూడా నాదే. దొంగిలించేవాళ్ళు కనీసం సరిచూసుకోవాలి."

పేజీ చెప్పింది. తలనిండా తవుడుతో బున్నే వచ్చింది. మాంగ్ హడావిడిగా చూపించిన కుర్చీ దాటి, నారే పక్కన నిలబడింది.

"మేం మోసిన బస్తాల మీద మిల్లు యజమాని కూడా తన ముద్రే కొట్టుకునేవాడు. నువ్వు చదువమ్మా."

నారే చదివింది. ఆమె చిత్తుప్రతి మీద మాంగ్ పేరు కొట్టేసి, గైడుగా తన పేరు రాసుకుంది సొల్ ప్రొఫెసర్. చదవడం అయ్యాక నారే అందరికీ మళ్ళీ టీ పోసింది, కోడి ఆయనకి కూడా. మాంగ్ కప్పులో మాత్రం పోయలేదు.