గులాల్ పూసిన పిల్ల

కొత్త రాష్ట్రం వచ్చిన రోజది. ఎంకపల్లి నుంచి తెల్లవారకముందే రెండు డీసీఎం వ్యాన్ల నిండా జనం పరేడ్ మైదానానికి బయలుదేరారు. ఐటీ కంపెనీ క్యాబ్ నడిపే మా ఆయన మహేష్ కూడా డ్యూటీ మానేసి, నాలుగేళ్ల సమతను భుజాల మీద ఎక్కించుకుని వెళ్లాడు. మూడు నెలల చంటివాడితో నేను ఇంట్లోనే ఉండిపోయాను.

ఏ ఛానల్ పెట్టినా జెండాలు, డప్పులు, గులాల్. అంతమందిలో మా వాళ్లను వెతకడమే నా పని. పొయ్యి మీద అన్నం అడుగంటినా లేవలేదు.

పదిన్నరకు ఒక్క ఉదుటున లేచి టీవీ దగ్గరకు పోయాను. లేడీ కానిస్టేబుల్ చంకలో ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ముఖం నిండా గులాల్. ఒంటి మీద చేవెళ్ల అంగడిలో నేను కొన్న గులాబీ గౌను. కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. తొమ్మిదో తరగతితో బడి మానినదాన్ని, కూడబలుక్కునేలోపే వెళ్లిపోతున్నాయి. మూడోసారికి అందింది: తప్పిపోయిన చిన్నారి, తెలిసినవారు ఫోన్ చేయండి.

"అత్తమ్మా, మన సమత!"

మా అత్త కృష్ణమ్మ టీవీకి ముక్కు ఆనించి చూసింది. "మొఖమే కనవడ్తలేదు గదనే. ఆగు, జర మంచిగ చూడనియ్యి."

"గౌను నేనే కొన్న. నా పిల్లను నేను గుర్తువట్టనా?"

మహేష్ ఫోన్ కలవలేదు. చంటివాణ్ణి అత్త చేతిలో పెట్టి ఛానల్ నంబర్ కొట్టాను. కొట్టగా కొట్టగా కలిసింది.

"నా బిడ్డనే సార్. సమత. మాది మొయినాబాద్ మండలం ఎంకపల్లి. దాని నాయిన ఆడనే ఉన్నడు."

"కంగారు పడకమ్మా, పోలీసులకు చెప్తాం."

కాసేపటికి తెర మీద ఎర్రపట్టీ పడింది: చిన్నారి తల్లి దొరికింది, ఎంకపల్లి వాసి. ఆ తర్వాత పిల్ల బొమ్మ మళ్లీ వేయలేదు.

"టీవీల మన ఊరి పేరొచ్చింది!" అని అత్త పక్కింటి అరుణమ్మను కేకేసింది. నాకు మాత్రం నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

మధ్యాహ్నం డీసీఎం వచ్చింది. పరుగెత్తాను. మహేష్ భుజాల మీద అదే గులాబీ గౌనులో సమత, మూతి నిండా ఐస్‌క్రీం.

పిల్లను లాక్కుని ఒళ్లంతా తడిమాను. "పోలీసమ్మ ఎత్తుకున్నదా బిడ్డా? భయమైందా?"

"ఏ పోలీసమ్మ?" మహేష్ నవ్వాడు. "నా మీదికెల్లి దిగితే గద! మెడ వడిపోయింది."

నాకూ నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పిల్లను వదలకుండా జరిగిందంతా చెప్పాను.

"మరి గా పిల్ల ఎవరిదే?" అన్నాడు మహేష్. అతని నవ్వు ఆగిపోయింది.

"దాని తల్లి గూడ టీవీ ముంగటనే ఉన్నదేమో. తల్లి దొరికిందని నా వల్లనే బొమ్మ తీసేసిండ్రు."

"ఫోన్ కొట్టు. నేను క్యాబ్ తీస్త. ఆడికే పోదాం."

నంబర్ బిజీ. మళ్లీ బిజీ. చేవెళ్ల రోడ్డెక్కి మొయినాబాద్ దాటుతుంటే కలిసింది.

"సార్, పొద్దుగాల నా బిడ్డ అని చెప్పిన గద, నాది గాదు సార్. నేనే తప్పు చెప్పిన. మీకు దండం పెడ్త, గా బొమ్మ మల్ల ఎయ్యిండ్రి."