వానాకాలం సీసాలు

శనివారం పదకొండింటికి అనూహ్య మొయినాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చింది. కాళ్ల దగ్గర ఐసు పెట్టె. సురంగల్‌లో సాముయేలు సారు ఇంటికి ఆమె రావడం కొత్త కాదు. ఎస్తేర్ లేని ఇంటికి రావడం మాత్రం ఇదే మొదలు.

ఎస్తేర్ సారు కూతురు. చెరువు నీటిలో కంటికి ఆనీ ఆనకుండా కదిలే జీవుల మీద పరిశోధన చేసేది. బడి పుస్తకంలో వాటి పేరు జంతుప్లవకాలు. ఎస్తేర్ "నా పోరగాళ్లు" అనేది. అవి ఏం తిని బతుకుతున్నాయన్నదే ఆమె ప్రశ్న: పచ్చని నాచునా, కొత్త ఇళ్ల వెంచర్ల వైపు నుంచి చెరువులోకి దిగే మురుగునా? చేపలు వాటిని తింటాయి, ఊరు చేపలను తింటుంది. ఏ జీవి అయినా తిన్న తిండి గుర్తు దాని ఒంట్లో మిగిలే ఉంటుంది. కార్బన్‌లో తేలికది, బరువైనది ఉంటాయి. ఆ జీవులను ఎండబెట్టి యంత్రంలో పెట్టి, ఆ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే మేత ఏమిటో తెలుస్తుంది.

చలికాలం, ఎండాకాలం ఫలితాలు వచ్చేశాయి. వానాకాలానివి ఆరు సీసాలు ఇంటి ఫ్రిజ్‌లో ఉండగానే సెప్టెంబరులో ఆమెకు డెంగీ వచ్చింది. ఐదు రోజులు దవాఖానలో ఉంది. ఆరో రోజు లేదు.

మూడు కాలాలూ ఉంటేనే ఆ పని పూర్తయినట్టు. మిగిలింది తాను రాసి, ఎస్తేర్ పేరుతోనే అచ్చుకు పంపుతానని, ఆమెతో పాటే పరిశోధన చేస్తున్న స్నేహితురాలిగా అనూహ్య మాట ఇచ్చింది. ఇప్పుడు ఆ సీసాల కోసమే వచ్చింది.

ఎస్తేర్ తల్లి సారమ్మ చాయ్ తెచ్చింది. "ఫ్రిజ్‌ల కూరకు జాగ లేదు గాని నీ పురుగులకు ఉన్నదా అని తిట్టేదాన్ని. అమ్మా, నీ చేపల పులుసు వీటితోనే మొదలైతది అనేది."

"నన్నూ వదిలేది కాదు ఆంటీ. నువ్వు కోస్తా రొయ్యవే, చెరువు చేప బాధ నీకేం తెలుసు అనేది." అనూహ్య నవ్వబోయి ఊరుకుంది. లేచి ఫ్రిజ్ తెరిచింది.

పై అరలో ఐసు తప్ప ఏమీ లేదు. అక్కడ గడ్డకట్టి ఉండాల్సిన సీసాలు కింది అరలో వరసగా ఉన్నాయి.

"కరిగిపోయాయా అంకుల్?"

"కరెంటు పోయింది గద బిడ్డా," సారమ్మ చెప్పింది. "మేం దవాఖానల ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట. మట్టి చేసి వచ్చేసరికి ఫ్రిజ్‌లకెల్లి నీళ్లు కారుతున్నయి."

అనూహ్య ఒక సీసా మూత తీసి వాసన చూసింది. వెలుతురుకు ఎత్తి చూసింది. "కుళ్లలేదే! ఎంత అదృష్టం! ఇవాళే ఎండబెట్టి పంపేయొచ్చు."

సాముయేలు గ్లాసు కింద పెట్టాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కరెంటు పోయిన మాట నిజమే.

"నేను ఫార్మాలిన్ పోసిన బిడ్డా," అన్నాడు.

సారమ్మ అతని వైపు తిరిగింది. ఆమెకూ చెప్పలేదు.

ముప్పై ఏళ్లుగా బడిలో కప్పలనూ వానపాములనూ ఆ మందులోనే దాచాడు. ఏదైనా చెడిపోతోందంటే అతని చెయ్యి ఆ సీసా మీదికే పోతుంది. మట్టి చేసిన సాయంత్రం అందరూ వరండాలో ఉండగా తాళంచెవి తీసుకుని బడికి పోయి తెచ్చాడు. కూతురిది అదొక్కటైనా చెడకూడదనుకున్నాడు.

"ఎంత పోశారు?"

"తొమ్మిది పాళ్ల నీళ్లకు ఒక పాలు. ఆదరణ కూడిక ప్రార్థన అయినంక ఎస్తేర్ నోటుబుక్కు తెరిచిన. మొదటి పేజీలనే ఉన్నది, ఫార్మాలిన్ వద్దు అని. కింద రెండు గీతలు. అప్పుడు ఆ మందు పారబోసి, వాటిని మంచినీళ్లతో మూడుసార్లు కడిగిన. గందుకే వాసన లేదు."

అనూహ్య కుర్చీలో కూర్చుంది. నెమ్మదిగా చెప్పింది. ఫార్మాలిన్‌లోనూ కార్బన్ ఉంది, అది కండలోకి ఎక్కుతుంది. కడిగితే పోదు. చెరువు అడుగున మురుగులో పుట్టే గ్యాస్ మీద బతికే బ్యాక్టీరియాను తిన్నా కార్బన్ తేలికవుతుంది, ఫార్మాలిన్ వల్లా తేలికే అవుతుంది. యంత్రానికి ఆ తేడా తెలియదు.

"అంటే మురుగే తిన్నయని చెప్తదా?" సారమ్మ అడిగింది. "మా బిడ్డ అనుకున్నది గదే గద! మరి పంపు. ఎవరికి తెలుస్తది?"

అనూహ్య సాముయేలు వైపు చూసింది. "మీరు చెప్పకపోతే పంపేసేదాన్ని అంకుల్."

తొమ్మిదో తరగతిలో ఎస్తేర్ అతని దగ్గరే చదివింది. నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూసి రాయమంటే మిగతా పిల్లలందరూ థర్మామీటరు చూపినట్టే తొంభై ఏడు, తొంభై ఎనిమిది రాశారు. ఎస్తేర్ వంద రాసింది. అతను సున్నా వేశాడు. పుస్తకంలో వందే ఉన్నది గద బాపూ అంటే, నువ్వు చూసింది రాయలేదు గద అన్నాడు. రెండు రోజులు ఆ పిల్ల అతనితో మాట్లాడలేదు.

"పంపొద్దు బిడ్డా," అన్నాడు.

"బడిలున్నప్పుడు గూడ దానికి సున్నానే వేసినవ్," అంది సారమ్మ. "ఇప్పుడు గూడ సున్నానే." లోపలికి వెళ్లిపోయింది.

వచ్చే వానాకాలం తాను నీళ్లు తీస్తానని అనూహ్య అంది. అయితే ఎగువన ఇంకో వెంచరు లేస్తోంది, అప్పటి నీళ్లు వేరు. ఆ పని మీద ఎస్తేర్ పేరు ఉండదు. ఇప్పటికి రెండు కాలాలతోనే చిన్న వ్యాసం రాస్తుంది. దాన్ని అచ్చేస్తారో లేదో ఆమె చెప్పలేదు. నల్లా దగ్గర ఐసు పారబోసి, ఖాళీ పెట్టె స్కూటీ మీద పెట్టుకుని వెళ్లిపోయింది.

సాముయేలు సీసాలను బల్ల మీద పెట్టాడు. వాటి మీద ఎస్తేర్ చేతిరాతతో చీటీలు: తేదీ, తూము పక్కన, లోతు. ఆ కింద ఎర్ర పెన్నుతో రాయబోయాడు. చల్లటి గాజు చెమర్చి చీటీ తడిసింది, సిరా పట్టలేదు.

సారమ్మ ఎప్పుడు వచ్చిందో, ఆ సీసా తీసుకుని కొంగుతో అద్దింది. అతని మొహం చూడకుండా చేతికిచ్చింది.

'ఫార్మాలిన్ పోసినది: తండ్రి' అని రాశాడు. ఆమె రెండో సీసా తుడవడం మొదలుపెట్టింది.