రొంటిన మిగిలిన పిన్ను

స్నానానికని నూతి దగ్గర పంచె విప్పుతుంటే జగన్నాథరావు రొంటిలోంచి ఏదో జారి చప్టా మీద టింగుమంది. వంగి చూశాడు. వేలెడంత కూడా లేని ఇనప పిన్ను, రెండు కాళ్ళది. అది ఉండాల్సింది కారులో, బ్రేకు దగ్గర. ఆ కారు అతని భార్యనీ నాలుగేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని నందిగామ నుంచి బయల్దేరి అప్పటికే అరగంటయింది.

కారు ప్రమీలారాణి అన్నగారిది. చెల్లెల్ని బెజవాడ పెళ్ళికి తీసుకెళ్దామని వీరరాఘవయ్య జగ్గయ్యపేట నుంచి ముందురోజు వచ్చాడు. వచ్చి ఆపాక స్టార్టరు మళ్ళీ పలకలేదు. మెకానిక్కుని పిలిపిద్దామంటే జగన్నాథరావుకి నామోషీ అనిపించింది. పొలంలో ఆయిలింజను విప్పి బిగించే చెయ్యి తనది, ఈ డొక్కు కారొక లెక్కా అన్నాడు. మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండొచ్చు గానీ, ఆ సంగతి స్టార్టరుకి తెలియాలిగా. దాని బోల్టొకటి ఇంజను వెనక ఇరుకులో ఉంది. అది అందాలంటే అడ్డంగా ఉన్న బ్రేకు రాడ్డు ఊడదియ్యాలి. ఊడదీశాడు. రాడ్డుని పెడలుకి కలిపే ఇనప చీలని గట్టు మీద పెట్టి, ఆ చీల జారిపోకుండా కొసన తొడిగే పిన్నుని మాత్రం పోతుందేమోనని రొంటిన దోపుకున్నాడు.

తెల్లారి తిరిగి బిగించబోతే ఆ సందులో అతని చెయ్యి పట్టలేదు. ప్రమీల సన్నటి చెయ్యి పెట్టి, తడుముకుంటూ చీల దూర్చింది. ఇంకేమన్నా పెట్టాలా అని అడిగింది కూడా. సరిగ్గా అప్పుడే వీరరాఘవయ్య వేపపుల్ల నములుతూ అటు వచ్చాడు. పెళ్ళాం చేత మరమ్మతు చేయిస్తున్నాడని బావ ఎక్కడ నవ్వుతాడోనని, ఏమీ అక్కర్లేదు లోపలికెళ్ళమన్నాడు జగన్నాథరావు. పిన్ను తనే పెడదామనుకున్నాడు. ఇంతలో బావ స్టార్టరు నొక్కాడు, ఇంజను అందుకుంది. శభాష్ అని బావ భుజం తట్టాడు. ఆ సంబరంలో పిన్ను మాటే మరిచాడు.

చొక్కా తగిలించుకుని సైకిలు మీద బస్సుల దగ్గరికి పరుగెత్తాడు. కంచికచర్లలో పెద్దమ్మ బసవమ్మ ఇంట్లో టిఫిను చేసి వెళ్తామని ప్రమీల చెప్పింది. అక్కడైనా పట్టుకోవాలి. ఎక్కిన బస్సు మిర్చి బస్తాల కోసం రెండుచోట్ల ఆగింది. ఆగినప్పుడల్లా అతనికి ఏడుపొచ్చింది. కీసర దగ్గర మునేటి వంతెన రాగానే భయంతో కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే కారు నీళ్ళల్లో కనిపించింది. తెరిస్తే రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉన్నారు. తీరా చూస్తే గేదెల బేరం.

కంచికచర్లలో బసవమ్మ వాకిట్లో కారు ఉంది. పాప దాని మెట్టు మీద కూర్చుని అరటిపండు తింటోంది.

అంత భయంలోనూ వంకర బుద్ధి పోలేదు. అందరూ లోపల ఉన్నారు, ఎవరికీ తెలియకుండా పిన్ను పెట్టేస్తే సరి అనుకున్నాడు. బానెట్టు ఎత్తి చెయ్యి దూర్చాడు. మణికట్టు దాటలేదు. బలవంతం చేస్తే తోలు లేచింది, వేడి గొట్టం చురుక్కుమంటే అబ్బా అని అరిచాడు. ఆ అరుపుకి అన్నాచెల్లెళ్ళిద్దరూ బయటికొచ్చారు. ఇలా వచ్చావేంటని బావ అడుగుతున్నాడు. జగన్నాథరావు భార్య వైపే చూశాడు.

"ప్రమీలా, నీ చెయ్యి కావాలి. పొద్దున పెట్టాల్సిందొకటి పెట్టలేదు."

ఆమె గాజులు పైకి లాక్కుని చెయ్యి పెట్టింది. మొహం పాలిపోయింది.

"చీల సగం బయటికొచ్చేసిందండీ."

ఆమె చీల లోపలికి నొక్కింది, మొగుడందించిన పిన్ను తొడిగింది, దాని కాళ్ళు వంచి రెండుసార్లు తడిమి చూసుకుంది. చేతులు కడుక్కుని పాపని చంకనెత్తుకుంది.

"నేనూ పాపా బస్సులో వెళ్తాం. మీరు కార్లో రండి."

ఇక భయం లేదమ్మా అని అన్న చెబుతున్నా వెనక్కి తిరగలేదు. జగన్నాథరావు బావ పక్కన ఎక్కి కూర్చున్నాడు. పరిటాల దాటేదాకా, బావ బ్రేకు తొక్కిన ప్రతిసారీ, ఇటుపక్క ఏమీ లేని చోట అతని కాలు కూడా తొక్కుతూనే ఉంది.