చేపల్లేని తొట్టి

నేను ఒక గాజు తొట్టిని. అయిదు పలకలు, అంచుల వెంట సిలికాన్ జిగురు, నెత్తిన ఒక రేకు మూత. నా పుట్టుకలో గొప్పేమీ లేదు. పాత చెప్పుల షాపు మూతపడితే దాని అద్దాలు తెచ్చి కాలేషా నన్ను కోసి అతికించాడు. రంగు చేపలు అమ్ముకునే మనిషి ఆయన, తొట్లు కూడా తానే చేస్తాడు. అతికించేటప్పుడు నా ఎడమ మూల చిన్న పెచ్చు లేచిపోయింది. "పోనీలే, దిష్టిచుక్క" అని ఊరుకున్నాడు.

మొదట నన్ను కొన్నది ఒక స్థలాల వ్యాపారి. చేపల మీద ప్రేమతో కాదు. ఈశాన్యం మూల తొమ్మిది చేపలు తిరిగితే ప్లాట్లు అమ్ముడుపోతాయని ఎవరో వాస్తు పండితుడు చెప్పాడట. ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది. వ్యాపారికి తగలాల్సిన దిష్టిని తాను తగిలించుకుని చావడం నల్లదాని ఉద్యోగం. అది మూడుసార్లు చచ్చింది, మూడుసార్లూ కొత్తది వచ్చింది. ప్లాట్లు మాత్రం కదల్లేదు. పండితుణ్ణి ఏమీ అనలేక నన్ను తెచ్చి చెత్తకుండీ పక్కన పడేశారు. మనుషులు ఇంతే. తప్పు చేసినవాడి మీద కోపం వస్తే చేతికి దొరికినదాని మీద తీర్చుకుంటారు.

అక్కడ నన్ను ఎత్తుకున్నది ఎస్తేరు. ఆ వీధి ఊడ్చే కార్మికురాలు. నన్ను తోపుడుబండిలో పెట్టుకుంటుంటే తనతోపాటు ఊడ్చే సామ్రాజ్యం నవ్వింది.

"ఏందే, అందులో బియ్యం పోస్తావా?"

"మా ఆయన్ని కూచోబెడతా."

"అందులోనా!"

"దీని ముందే, ఎడ్డి మొహమా."

నవ్వుతూనే అన్నది గాని ఆ మాట వెనక ఉన్నది నవ్వే సంగతి కాదు.

ఎస్తేరు భర్త దానియేలుది మురుగు కాలవల పని. పూడుకుపోయిన మ్యాన్‌హోల్ గుంటలోకి మనిషిని దించకూడదని చట్టం ఉంది. చట్టం ఆఫీసులో ఉంటుంది, మనిషి గుంటలో ఉంటాడు. నాలుగు నెలల కింద మార్కెట్ వెనక గుంటలోకి ఎస్తేరు తమ్ముడు రత్నం దిగాడు. పైన తాడు పట్టుకున్నది దానియేలు. లోపలున్న విషగాలికి రత్నం నిమిషాల్లో పోయాడు. ఆ రోజు నుంచి దానియేలు నోరు తెరవలేదు. కుడిచెయ్యి మాత్రం తాడు పట్టుకున్నట్టు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండేది. తింటున్నా అంతే, కూర్చున్నా అంతే.

పెద్దాసుపత్రిలో డాక్టరు గది బయట ఒక చేపల తొట్టి ఉంది. వంతు కోసం కూర్చున్న గంటన్నరా దానియేలు దాన్నే చూశాడు. ఆ గంటన్నరా చెయ్యి కదల్లేదు. మందుబిళ్ళలు చేయని పని చేపలు చేశాయి. డాక్టరు అది చూడలేదు, ఆయన చీటీ రాస్తున్నాడు. ఎస్తేరు చూసింది. ఆ చెయ్యి ఆగాలి, ఆ నోరు తెరుచుకోవాలి. నన్ను ఇంటికి మోసుకుపోయింది అందుకే.

ఇరవై ఏళ్ళుగా ఊరంతా శుభ్రం చేసిన మనిషి చేతిలో పడ్డాను. ఇక చూసుకోండి. పీచుతో తోమింది, సర్ఫుతో తోమింది, చివరికి కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్‌తో కూడా తోమింది. నా అడుగున పరిచే ఇసకని తెల్లబడేదాకా కడిగింది. కుళాయి నీళ్ళు అంచుదాకా నింపి, సైకిలు మీద అమ్మేవాడి దగ్గర గప్పీలనే చిట్టి రంగు చేపల్ని ఆరు కొని వదిలింది. బుడగలొదిలే చిన్న మోటారు పెట్టింది. దానియేలు నులకమంచాన్ని నా ముందుకి లాగింది. ఆయన చూశాడు. చెయ్యి ఆగింది. ఎస్తేరు పొయ్యి దగ్గర చారు పెడుతూ ఏదో పాట కూడా అందుకుంది.

మూడోరోజు పొద్దున చేపలు పైకి తేలి, నీటి అంచున నోళ్ళు తెరుస్తూ మూస్తూ కనపడ్డాయి. గాలి కోసం. రత్నాన్ని పైకి లాగినప్పుడు అతని నోరూ అలాగే ఉందట. మధ్యాహ్నానికి ఆరూ పోయాయి. దానియేలు లేచి మంచాన్ని గోడవైపు తిప్పుకున్నాడు. చెయ్యి మళ్ళీ మొదలైంది. ఈసారి రెండో చెయ్యి కూడా.

మురికి వల్లే చచ్చాయనుకుంది ఎస్తేరు. ఆమె బతుకులో రోగం అంటే మురికి, మందు అంటే కడగడం. మళ్ళీ తోమింది, ఇంకా గట్టిగా. మళ్ళీ ఆరు తెచ్చింది. ఈసారి రోజూ పొద్దున్నే నీళ్ళన్నీ పారబోసి కొత్తవి పోసింది. శుక్రవారం ఇల్లు కడిగినప్పుడు నాకూ బ్లీచింగ్ స్నానం. నేను అద్దంలా మెరిశాను. అవి అయిదురోజులు బతికాయి. అంత శుభ్రమైన చావు నేనెక్కడా చూడలేదు.

అప్పుడు కాలేషా దుకాణం మీదికి పోయి దెబ్బలాడి ఆయన్ని చెయ్యిపట్టి లాక్కొచ్చింది. ఆయన అమ్మిన చేపలు కావు. అయినా రంగు చేపలు అమ్మేవాళ్ళందరూ ఒకటేనని ఆమె లెక్క.

కాలేషా నన్ను చూడగానే ఎడమ మూల తడిమాడు.

"ఇది నా తొట్టే అక్కా! దిష్టిచుక్క చూడు." తర్వాత వంగి వాసన చూశాడు. "అబ్బా! ఏం పోశావు ఇందులో? ఆసుపత్రి వాసనొస్తంది."

"శుభ్రంగా కడిగా. నీకంటే శుభ్రంగా."

"అదే చంపింది. కుళాయి నీళ్ళలో కూడా ఆ బ్లీచింగ్ మందే ఉంటది. మూత లేకండా ఒక రోజు నిలవబెడితే గాని పోదు. రెండోది, చేపలు దొడ్డికి కూచుంటయ్యి గదా? అది నీళ్ళలో విషమైద్ది. రంగుండదు. నీళ్ళు తేటగానే కనబడతయ్యి. ఆ విషాన్ని తినే పురుగులు కొన్ని ఉంటయ్యి, కంటికి కనబడవు. రాళ్ళల్లో, నీళ్ళు వడగట్టే స్పాంజిలో కాపురం పెడతయ్యి. అవి కుదురుకోటానికి నెల పడద్ది. తొట్టిలో పాకీ పని వాటిదే అక్కా. నువ్వు రోజూ వాటినే కడిగి పారబోశావు."

ఎస్తేరు మొహం చూడాల్సింది. ఊళ్ళో మురికెత్తే మనిషి. ఆమెను జనం చూసీ చూడనట్టు దాటిపోతారు. ఆమే తన తొట్టిలో మురికెత్తేవాళ్ళను చూడకుండా చంపేసింది.

అంతలో గోడవైపు నుంచి ఒక గొంతు వచ్చింది, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు.

"మూత తీశావా?"

ఎస్తేరు చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత వచ్చిన మాట అది.

"ఏందయ్యా?"

"నీళ్ళు పోశాక. మూత తీసి ఎంతసేపు ఆగావు?"

"ఆగలా."

"ఆగకండానే దించావా?"

కాలేషాకు ఏమీ అర్థం కాలేదు. ఎస్తేరుకు అంతా అర్థమైంది. మురుగు పనిలో ఒక పద్ధతి ఉంది. దిగబోయే గుంటదీ, దానికి అటూ ఇటూ ఉన్న గుంటలదీ మూతలు తీసి, గాలి ఆడనిచ్చి, ఆగాలి. తర్వాత తాడుకి దీపం కట్టి దించాలి. అది ఆరిపోతే ఎవరూ దిగకూడదు. ఈ చదువు ఏ బడిలోనూ చెప్పరు. చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళకు నేర్పిపోయినది.

దానియేలు మంచాన్ని ఇటు తిప్పాడు. అప్పట్నుంచి తొట్టి ఆయనది.

కాలేషా తన దుకాణంలో చేపలు బాగా బతుకుతున్న తొట్టిలోంచి ఒక స్పాంజి తెచ్చి నాలో వేశాడు. నల్లగా, జిగటగా ఉంది, ఆ పురుగుల కాపురం అందులోనే. "ఈ దరిద్రాన్నా లోపలెయ్యటం!" అని ఎస్తేరు చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చేపలు లేవు. దానియేలు రోజూ పొద్దున్నే మూత తీస్తాడు, చిటికెడు చేపల మేత చల్లుతాడు. అది కుళ్ళి విషమవ్వాలి, ఆ విషం తిని పురుగులు పెరగాలి. వారానికి నీళ్ళు గంజిలా తెల్లబడ్డాయి. ఎస్తేరు ఆగలేక బకెట్టు తెచ్చింది. దానియేలు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తాడు పట్టుకునే కుడిచెయ్యే.

"ఆగు."

ఆమె ఆగింది. మూడురోజులకు నీళ్ళు వాటంతట అవే తేరుకున్నాయి.

కాలేషా ఒక చిన్న సీసా ఇచ్చిపోయాడు. గ్లాసులో నా నీళ్ళు తీసి అందులో మందు చుక్కలు వేస్తే, విషముంటే ఆకుపచ్చగా తిరుగుతుంది, లేకపోతే పసుపుగా నిలుస్తుంది. ఒక ఆదివారం, ప్రార్థన నుంచి వచ్చాక, దానియేలు వేసి చూశాడు. ఆకుపచ్చగా తిరిగింది. గ్లాసు పట్టుకునే అన్నాడు.

"మాకూ ఉందే పరీచ్ఛ. దీపం."

ఎస్తేరు పచ్చిమిరపకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు.

"ఆ రోజు దించలా. ఎవరో పెద్దమనుషులొస్తన్నారు, గంటలో రోడ్డు ఆరాలన్నాడు మేస్త్రీ. నేను ఆగుదామన్నా. వాడు బూతులు తిట్టాడు. రత్నం గుంట దగ్గర నిలబడి నా వంక చూశాడు. 'బావా, దిగమంటావా' అన్నాడు."

మిరపకాయ తుంచడం ఆగిపోయింది.

"ఒకసారే చెప్పానే, ఆగుదామని. రెండోసారి చెప్పలా."

ఎస్తేరు చేతులు కొంగుకు తుడుచుకుంది. తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి ఆమె దగ్గర కన్నీళ్ళు మిగల్లేదో, లేక ఈ మాట కోసమే ఇన్నాళ్ళూ దాచుకుందో నేను చెప్పలేను. గాజుకు తెలిసేవి కొన్నే.

"ఒక్కసారి చెప్తే వినే యెదవ ఉంటే నా తమ్ముడు ఉండేవాడు," అంది. "నీ మీద నాకేం లేదయ్యా. ఇన్నాళ్ళూ అది తింటన్నావా నువ్వు? లే, అన్నం తిను."

ఆయన తిన్నాడు. ఆ చెయ్యి అన్నం కలిపింది, నోటికి తీసుకెళ్ళింది. మధ్యలో మూసుకోలేదు.

నాలుగోవారం ఒక పగటిపూట మేస్త్రీ పూర్ణయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. అలాంటివాళ్ళు లోపలికి రారు, అక్కణ్ణుంచే పిలుస్తారు.

"ఒరేయ్ దానియేలూ, లేచి తిరుగుతున్నావంటగా. బస్టాండు కాడ లైను పూడింది. ఇద్దర్ని పిలిచా. నువ్వు పైన తాడు పట్టుకో చాలు. గంట పని." నా వంక చూసి నవ్వాడు. "ఇదేందిరా, చేపల్లేని తొట్టి?"

ఇదివరకు దానియేలు ఆయన్ని అయ్యగారూ అనేవాడు.

"ఇంకా నీళ్ళు కుదురుకోలా మేస్త్రీ. కుదిరితేనే చేపల్ని దించుతా," అన్నాడు. "అరచేతిలో ఆరు పట్టే చేపలు. వాటికోసం నెల్రోజులు ఆగా. నా బామ్మర్దికి నువ్వు గంట ఇయ్యలా."

పూర్ణయ్య ఏదో గొణిగాడు. పనికి మనుషులు కరువా అన్నాడు. వెళ్ళిపోయాడు. దానియేలు చెప్పులు తొడుక్కున్నాడు.

"యాడికి?" అంది ఎస్తేరు.

"బస్టాండు కాడికి."

ఆమె పొయ్యి ఆర్పి వెనకే పరుగెత్తింది. నేనూ, నా లోపలి కనబడని పనివాళ్ళూ మిగిలాం. తర్వాత జరిగింది నేను చూడలేదు. సాయంత్రం సామ్రాజ్యం వచ్చి చేతులు తిప్పుతూ చెప్తే విన్నాను. దానియేలు పోయి గుంట మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. దిగడానికొచ్చిన ఇద్దరూ కాసేపు చూసి వాళ్ళూ కూర్చున్నారట. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పక్కన పెట్టి చుట్టూ చేరారట. మేస్త్రీ, ఆఫీసువాళ్ళూ తిట్టారట, బతిమాలారట, పనిలోంచి తీసేస్తామన్నారట. ఎవరూ లేవలేదు. మూడు గంటలకు పూడిక లాగే యంత్రం లారీ వచ్చింది. అంతకుముందు అది ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నారు. ఊళ్ళోనే ఉందట, షెడ్డులో, టార్పాలిన్ కప్పుకుని.

ఆ తర్వాతి ఆదివారం గ్లాసులో నీళ్ళు పసుపుగా నిలిచాయి.

కాలేషా ఆరు గప్పీల్ని ప్లాస్టిక్ సంచిలో తెచ్చాడు. నీళ్ళ వేడికి అలవాటు పడాలని సంచిని నా నీళ్ళ మీద తేలనిచ్చాడు. ఎస్తేరు పక్కన నిలబడింది, చేతిలో గుడ్డ. అదింకా వదల్లేదు లెండి. ఇప్పటికీ శుక్రవారం శుక్రవారం నా బయటి అద్దాలు తుడుస్తుంది. లోపల మాత్రం చెయ్యి పెట్టదు.

కాసేపటికి కాలేషా సంచి ముడి విప్పబోయాడు.

"ఆగు," అన్నాడు దానియేలు.

"చాల్లే అన్నా. నీళ్ళు బాగుండయ్యి, ఏం కాదు. దించేద్దాం."

దానియేలు కుడిచెయ్యి చాపి సంచి మీద పెట్టాడు.

"ఆగమంటన్నానా," అన్నాడు.

రెండోసారి.

ఎస్తేరు గుడ్డతో మొహం కప్పుకుంది. కాలేషా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందరూ ఆగారు.